ఘాట్ దిగొచ్చిన చక్రం

అలిపిరి దాటాక రోడ్డు పక్కన ఓ షెడ్డు. ఇప్పుడే తిరుమల కొండ దిగొచ్చిన మినీ బస్సు ముందు చక్రం దగ్గర మీరు గొంతుక్కూర్చున్నారు. డ్రమ్ము మీద చెయ్యి వెయ్యబోతే "కాలతాది సార్" అని మేస్త్రి ఆపాడు.

కొండ ఎక్కేటప్పుడు కష్టం ఇంజనుది, దిగేటప్పుడు బ్రేకులది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే. మలుపు మలుపునా తొక్కిన బ్రేకు వేడి లైనర్ల నుంచి డ్రమ్ముకి, డ్రమ్ము నుంచి హబ్బుకి, అక్కణ్నుంచి బేరింగులకి పాకుతుంది.

హబ్ కప్పు ఊడగానే మాడువాసన గుప్పుమంది. బేరింగులో ఉండాల్సిన గ్రీజు అక్కడ లేదు. నెయ్యిలా కరిగి, సీలు దాటి, లైనరు అంచున నల్లగా అంటుకుంది. మేస్త్రి దాన్ని వేలితో తీసి చూపించాడు.

"చాసిస్ గ్రీజు సార్ ఇది. ఇంకొంచెం కారుంటే బ్రేకు పట్టేది కాదు."

చాసిస్ గ్రీజు చెడ్డదేం కాదు. కమాన్ కట్టల పిన్నుల్లో, నీళ్లు చిమ్మే చోట కాల్షియం గ్రీజు బాగానే నిలుస్తుంది. మామూలు రకమైతే 100 డిగ్రీల దరిదాపుల్లోనే జారిపోతుంది. లిథియం గ్రీజు 180 దరిదాపుల దాకా కరిగి కారదు, లిథియం కాంప్లెక్స్ ఇంకా పైదాకా. కొనేవాళ్లలో చాలామంది చూసేది మాత్రం రంగు. ఎరుపైనా నీలమైనా అది కలిపిన రంగే.

డ్రైవరుకు తొందర. "దాని మీదే పూసెయ్ అన్నా, టైమవతా ఉండాది."

"కుదరదుప్పా. దీంట్లో సబ్బు వేరే, దాంట్లో సబ్బు వేరే. రెండూ కలిస్తే పల్చనైపోవచ్చు."

గ్రీజంటే సబ్బు పట్టి ఉంచిన నూనేగా! కుర్రాడు బేరింగుల్ని డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు.

రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సు చప్పుడు లేకుండా పోయింది. 2022 నుంచి ఇవి కొండకు తిరుగుతున్నాయి. ఇంజనాయిల్ గొడవ లేదు. దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఉంచుతూ బ్యాటరీ నింపుకుంటుంది గనక బ్రేకులకు వేడీ తక్కువ. చక్రాల బేరింగులకు గ్రీజు మాత్రం దానికీ తప్పదు.

కుర్రాడు కొత్త గ్రీజును అరచేతిలో వేసుకుని, బేరింగు అంచును దానికేసి నొక్కుతున్నాడు. అటువైపు నుంచి బయటికొచ్చేదాకా నొక్కాలి. తర్వాత హబ్బులో కూడా కూరబోయాడు.

"సగం చాల్రా. నిండా కూరితే అదే వేడెక్కుతాది."

డ్రైవరు అవతలి చక్రం వైపు చూశాడు. "దాంట్లోనూ ఇదే ఏసుంటారా అన్నా?"

"ఏసే ఉంటారు. రేయ్, జాకీ అటు పెట్టు."