ఖాళీ చట్రం: పోలండ్ జాతి జీవనంలో కతోలిక విశ్వాసం

పోలండ్ చరిత్రను రాజుల వరుసను బట్టి చదవబోయేవారికి నడుమ ఒక పెద్ద ఖాళీ ఎదురవుతుంది. పొరుగు సామ్రాజ్యాలైన రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795లలో మూడు విడతలుగా ఆ దేశాన్ని పంచుకున్నాయి. అప్పటినుండి 1918 వరకు, అంటే 123 ఏళ్లపాటు, స్వతంత్ర పోలండ్ ఐరోపా పటంలో లేదు. సొంత సైన్యం, ఖజానా లేకుండా, చాలాచోట్ల బడిలో మాతృభాష కూడా లేకుండా నాలుగైదు తరాలు గడిపిన జాతి తన ఉనికిని ఎక్కడ దాచుకున్నదని అడిగితే, సమాధానంలో ఎక్కువ భాగం కతోలిక శ్రీసభలో దొరుకుతుంది. రోములోని పోపును అధినేతగా ఎంచే క్రైస్తవ సమాజాన్ని తెలుగు కతోలికులు శ్రీసభ అంటారు. పూజలు జరిపే మతాధికారిని గురువు అని, ఆయన పాలనలోని భక్తసమాజాన్ని విచారణ అని, బిషపును మేత్రాణులని వ్యవహరిస్తారు.

ఈ బంధం రాజ్యంతోపాటే పుట్టింది. పోలిష్ తెగలను ఏలిన మియెష్కో ప్రభువు చెక్ రాకుమారి దొబ్రావాను పెండ్లాడి 966లో జ్ఞానస్నానం పొందాడు. రాజ్యం పుట్టుకను పోలిష్‌వారు నేటికీ ఆ ఏటినుండే లెక్కిస్తారు. 1000లో గ్నియెజ్నో నగరానికి సొంత అగ్రపీఠం, అంటే మేత్రాణులకు పెద్ద అయినవాని పీఠం, దక్కింది. 16వ శతాబ్దం చివరలో రాజును ప్రభువర్గం ఎన్నుకొనే పద్ధతి స్థిరపడినప్పుడు, ఒక రాజు మరణించి మరొకరు ఎన్నికయ్యే వరకు గ్నియెజ్నో అగ్రపీఠాధిపతియే తాత్కాలిక పాలకుడుగా వ్యవహరించేవాడు. సింహాసనం ఖాళీ అయినప్పుడు దేశభారం శ్రీసభ పెద్ద మీద పడుతుందన్న ఈ భావన ఆ పదవి అంతరించిన తర్వాత కూడా జనం మనసులో చెరగలేదు.

దక్షిణ పోలండ్‌లోని చెన్‌స్టహోవా పట్టణంలో యాస్న గూర, అంటే వెలుగు కొండ, అనే గుట్టమీద 1382లో స్థాపించిన మఠం ఉన్నది. అక్కడి మరియమాత చిత్రం కొయ్యపలక మీద గీసినది. ముఖం నల్లని ఛాయలో ఉండడంవల్ల ఆమెను నల్లని మాత అంటారు. చెంపమీది రెండు గాట్లు 1430 నాటి దోపిడీకి గుర్తులని చెబుతారు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు తరలివచ్చే జనాన్ని ఎరిగిన తెలుగువారికి యాస్న గూర యాత్రికుల భక్తిని వివరించనక్కరలేదు గాని, ఇక్కడ భక్తి వెంట రాజ్యచరిత్ర కూడా కొండ ఎక్కుతుందని మాత్రం చెప్పవలసి ఉంటుంది. 1655లో స్వీడన్ సేనలు దేశంలో అధికభాగాన్ని ఆక్రమించినప్పుడు, అగస్టిన్ కొర్దెత్స్కి అనే మఠాధిపతి నాయకత్వాన కొద్దిపాటి బలగం సుమారు నలభై రోజులు ఆ మఠాన్ని కాపాడుకున్నది. 1656 ఏప్రిల్ 1న రాజు యాన్ కాజిమియెజ్ ల్వూవ్ నగర ప్రధానాలయంలో మరియమాతను పోలండ్ రాణిగా ప్రకటించి, రైతులను అణచివేత నుండి విడిపిస్తానని కూడా ప్రమాణం చేశాడు. మొదటి మాట జాతి గుండెలో నాటుకున్నది. రెండవ మాట నెరవేరలేదు, వెట్టి మరో రెండు శతాబ్దాలు సాగింది. విశ్వాసం పేరిట ఇచ్చిన మాట పేదవాని వద్దకు వచ్చేసరికి ఆగిపోవడం ఈ కథలోని తొలి బాధాకరమైన ఘట్టం.

రాజ్యం పోయాక రాణి మిగిలింది. పాలించేవారు ఒకచోట ప్రొటెస్టెంట్లు, మరొకచోట ఆర్థడాక్స్ క్రైస్తవులు కావడంతో, కతోలిక ప్రార్థన దానంతట అదే పోలిష్‌తనానికి గుర్తయింది. ప్రష్యాలో చాన్సలర్ బిస్మార్క్ 1870లలో శ్రీసభపై సాగించిన పోరులో అగ్రపీఠాధిపతి లెదుహోవ్స్కి చెరసాల పాలయ్యారు; రష్యా ఏలుబడిలో పోలిష్‌వారి 1863 తిరుగుబాటు తర్వాత మఠాలు మూతపడ్డాయి. 1901లో వ్జెష్న్యా పట్టణపు బడిలో మతపాఠాన్ని జర్మన్ భాషలో చెప్పించబోగా, పిల్లలు ఆ భాషలో జవాబివ్వడానికి నిరాకరించి దెబ్బలు తిన్నారు. దేవునితో మాట్లాడే భాషను కూడా ప్రభుత్వమే నిర్ణయించడాన్ని ఆ పిల్లల తల్లిదండ్రులు సహించలేకపోయారు. అయితే రోము ఎల్లప్పుడూ పోలండ్ పక్షాన నిలిచిందనుకోవడం పొరపాటు: రష్యా జారు చక్రవర్తిపై అంతకుముందు లేచిన మరొక తిరుగుబాటును పోపు 16వ గ్రెగొరీ 1832లో బహిరంగంగా ఖండించారు. అదే ఏడు ప్రవాసంలో ఉన్న కవి ఆదమ్ మిత్స్కియెవిచ్, సిలువపై మరణించి తిరిగి లేచిన క్రీస్తులాగా పోలండ్ కూడా లేస్తుందని, ఆ లేవడంతో ఇతర జాతులకూ విముక్తి కలుగుతుందని ప్రకటించాడు. ఓడిన జాతికి ఆ ఊహ ఊపిరి పోసింది. తమ బాధ పవిత్రమైనదని నమ్మినవారు ఎదుటివారి బాధను చూడలేకపోయే ప్రమాదం కూడా అందులోనే ఉన్నది.

ఆ ప్రమాదం ఊహామాత్రం కాదు. 1573లోనే వార్సా సమావేశంలో భిన్నమతాల ప్రభువులు పరస్పర శాంతికి ఒప్పందం చేసుకున్న దేశమిది. 1918 తర్వాతి పోలండ్‌లో రోమన్ కతోలికులు జనాభాలో మూడింట రెండు వంతులే. మిగిలినవారు యూదులు, గ్రీకు కతోలికులు, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంటు క్రైస్తవులు. అయినా పోలిష్‌వాడంటే కతోలికుడేనన్న నినాదం వీరందరినీ సొంత ఊళ్లోనే పరాయివారిని చేసింది. నాజీ ఆక్రమణలో సుమారు 30 లక్షల మంది పోలిష్ యూదులు హతులయ్యారు. ఆ చీకటిలో యూదు పిల్లలను మఠాలలో దాచిన సన్యాసినులు ఉన్నారు; 1941లో యెద్వాబ్నె అనే చిన్న పట్టణంలో పొరుగువారైన యూదులను చంపిన పోలిష్ కతోలికులూ ఉన్నారు. రెండింటిలో ఏ ఒక్కటి దాచినా చరిత్ర అబద్ధమవుతుంది.

గురువులు కూడా పెద్దసంఖ్యలో బలయ్యారు. ఒక్క డాఖావు శిబిరంలోనే 1,700 మందికి పైగా పోలిష్ గురువులను బంధించారు, వారిలో దాదాపు సగం మంది తిరిగి రాలేదు. ఆష్విట్జ్‌లో మాక్సిమిలియన్ కోల్బె అనే సన్యాసి మరొక ఖైదీకి బదులుగా మరణాన్ని ఎంచుకున్నారు. ఆ యుద్ధకాలంలోనే సోవియట్ ప్రవాస శిబిరాల నుండి బయటపడిన పోలిష్ పిల్లలకు నవానగర్ సంస్థానాధీశుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ 1942లో గుజరాత్ తీరాన బాలాచడిలో ఆశ్రయమిచ్చాడు. ఆ శిబిరాన్ని నడిపినవారు ఫ్రాంచిషెక్ ప్లుతా అనే గురువు. హిందూ రాజు నీడలో ఆ అనాథలు తమ భాషను, ప్రార్థనను నిలుపుకున్నారు. వార్సాలో ఒక కూడలికి మంచి మహారాజు పేరు పెట్టడానికి కారణం ఇదే.

యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు పాలనలో, దేశభారం శ్రీసభ పెద్దదేనన్న పాత భావన మళ్లీ మేల్కొన్నది. మేత్రాణుల నియామకంలో ప్రభుత్వ జోక్యాన్ని ఎదిరించిన అగ్రపీఠాధిపతి స్తెఫాన్ విషిన్‌స్కీ 1953 సెప్టెంబరులో నిర్బంధానికి గురయ్యారు. ఆయన నిర్బంధంలోనే రాసిన ప్రతిజ్ఞను 1956 ఆగస్టు 26న యాస్న గూరలో లక్షలాది జనం పలికినప్పుడు, ఆయన కూర్చోవలసిన కుర్చీని పూలగుచ్ఛంతో ఖాళీగా ఉంచారు. అదే ఏడు అక్టోబరులో విడుదలైన విషిన్‌స్కీ, తొమ్మిది రోజుల ప్రార్థన అయిన నొవేనాను తొమ్మిదేళ్లకు విస్తరించి, 1966లో రానున్న జ్ఞానస్నాన సహస్రాబ్దికి దేశాన్ని సిద్ధం చేయ సంకల్పించారు. 1957 నుండి నల్లని మాత చిత్రపు ప్రతి విచారణ నుండి విచారణకు ఊరేగుతూ వచ్చింది. 1966లో అధికారులు ఆ చిత్రాన్ని పట్టి యాస్న గూరకు చేర్చి, బయటకు పోకుండా కాపలా పెట్టారు. ఊరేగింపు ఆగలేదు: 1972 వరకు ఖాళీ చట్రమే ఊరూరా తిరిగింది, జనం దానికే ఎదురేగి మోకరిల్లారు. లేనిదానిని ఉన్నట్టే నమ్మి నిలవడం పోలిష్‌వారికి 123 ఏళ్ల అలవాటు. ప్రభుత్వం తెలియక వారికి చిరపరిచితమైన పాఠాన్నే మళ్లీ చెప్పింది.

గుడి లేని ఆదర్శ కార్మికనగరంగా కట్టిన నోవా హూతాలో 1960లో సిలువను తొలగించబోగా ప్రజలు పోలీసులతో తలపడ్డారు. అక్కడ లేచిన ఆలయాన్ని 1977లో ప్రతిష్ఠించిన క్రాకోవ్ కార్డినల్ కరోల్ వొయ్‌తీవా మరుసటి ఏడు రెండవ జాన్ పాల్ పోపు అయ్యారు. 1979 జూన్‌లో ఆయన స్వదేశానికి వచ్చినప్పుడు లక్షలాది ప్రజలు ప్రభుత్వ ఏర్పాటు లేకుండానే క్రమశిక్షణతో గుమికూడారు. తాము ఎంతమందో వారికి మొదటిసారి కంటికి కనిపించింది. 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ నౌకానిర్మాణశాల కార్మికులు సమ్మెకు దిగి, ద్వారానికి పోపు చిత్రాన్ని తగిలించుకున్నారు. ఆ సమ్మె నుండి పుట్టిన సోలిడారిటీ సంఘంలో దాదాపు కోటి మంది చేరారు. 1981 డిసెంబరు 13న సైనికశాసనం ప్రకటించిన తర్వాత, వార్సాలో నెలనెలా దేశం కోసం దివ్యబలిపూజ జరిపిన గురువు యెజి పొపియెవూష్కోను 1984 అక్టోబరులో రహస్య పోలీసులు హత్య చేశారు.

1989లో కమ్యూనిస్టు పాలన ముగిసిన తర్వాతి కథ భిన్నం. బడులలో మతపాఠం, 1993లో గర్భస్రావంపై కఠిన చట్టం, వాటికన్‌తో ఒప్పందం వచ్చాయి. అధికారానికి దూరంగా ఉన్నన్నాళ్లు అందరికీ నీడ అయిన శ్రీసభ, అధికారానికి దగ్గరైన కొద్దీ కొందరి పక్షంగా కనిపించసాగింది. గురువుల చేతుల్లో పిల్లలు అనుభవించిన లైంగిక హింస, దానిని కప్పిపుచ్చిన పెద్దల మౌనం బయటపడినప్పుడు విశ్వాసులే ఎక్కువ గాయపడ్డారు. గర్భస్రావ చట్టాన్ని మరింత బిగించిన 2020 రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుపై యువత వేలాదిగా వీధుల్లోకి వచ్చింది. 2011 జనగణనలో 87 శాతానికి పైగా ఉన్న కతోలికులు 2021 నాటికి 71 శాతానికి తగ్గారు. ప్రతి అయిదుగురిలో ఒకరు మతం గురించిన ప్రశ్నకు జవాబే ఇవ్వలేదు.

ఈ పరిణామాన్ని కొంత ముందే ఊహించినవారిలో తదెవూష్ మజోవియెత్స్కి ఒకరు. కతోలిక పత్రికా సంపాదకుడు, సోలిడారిటీ సలహాదారు, 1989లో కమ్యూనిస్టేతర ప్రభుత్వానికి తొలి ప్రధాని అయిన ఆయన, 1997 రాజ్యాంగపు పీఠికకు రూపమిచ్చినప్పుడు, సత్యానికీ న్యాయానికీ దేవుడే మూలమని నమ్మే పౌరులను, ఆ నమ్మకం లేకుండా అవే విలువలను వేరే మూలాల నుండి గ్రహించే పౌరులను ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిపారు. మేత్రాణులలో పలువురికి ఆ వాక్యం రుచించలేదు. ప్రజాభిప్రాయ సేకరణలో ఆ రాజ్యాంగం స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. ఇప్పుడు అమలులో ఉన్నది అదే.