పెరట్లో రైలు వేసిన దొర, మనకి మిగిల్చిన లెక్క



మొన్న చెరకు నరికించినప్పుడు ఒక లెక్క వేశాను. నరుకుడు కూలి ఒక ఎత్తయితే, చేలోంచి డొంక మీదున్న ట్రాక్టరు దాకా మోపులు మోసిన కూలి ఇంకో ఎత్తు. నేల తడి, బండి లోపలికి దిగదు. ఈ బాధ మన ఒక్కరిదే కాదు. నూట యాభై ఏళ్ల కింద ఇంగ్లండులో ఒకాయన ఇలాంటి మోత బాధకే మందు వెతుకుతూ ఇంటి పెరట్లో ఏకంగా రైలు వేశాడు. ఆ కథ చెబుతా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు సర్ ఆర్థర్ హేవుడ్. భూములున్న కుటుంబం, యంత్రాలంటే పిచ్చి. మొదట 4 అంగుళాల వెడల్పు పట్టాల మీద బొమ్మ రైలు చేశాడు. తర్వాత 9 అంగుళాలది చేశాడు. దాని మీద మనిషి కూర్చుంటే నిలకడ లేదు. అప్పుడు 15 అంగుళాలకి పెంచాడు. అంటే అడుగుంబావు, మూర కూడా లేదు. మనిషినీ బరువునీ భద్రంగా మోసే అతి చిన్న కొలత ఇదేనని తేల్చుకున్నాడు.

1874లో డర్బీ దగ్గర డఫీల్డ్ బ్యాంక్ అనే తన ఇంటి దగ్గర పని మొదలుపెట్టాడు. అది కొండవాలు. అలాంటి చోట నడిస్తే ఇంకెక్కడైనా నడుస్తుంది గదా. సొరంగాలు తవ్వాడు, చెక్క వంతెన కట్టాడు, 25 అడుగుల వ్యాసార్ధంతో బిగువైన మలుపులు పెట్టాడు. ఏటేటా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. ఇంజన్లు కూడా సొంతానివే: 1875లో ఎఫీ, 1881లో ఎల్లా, 1894లో మ్యూరియల్. భోజనాల పెట్టె, పడక పెట్టె కూడా చేశాడంటే చూడండి!

ఇదంతా సరదాకి మాత్రమే కాదు. పెద్ద కమతాల్లో, క్వారీల్లో గుర్రపు బండ్ల బదులు ఈ చిన్న రైలు పనికొస్తుందని ఆయన నమ్మకం. 1881లో డర్బీలో పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగినప్పుడు జనానికి తన రైలు చూపించాడు. పుస్తకం కూడా రాశాడు.

మరి ఎంతమంది వేయించుకున్నారు? ఒకే ఒక్కరు. వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ 1896లో తన ఈటన్ హాల్‌కి స్టేషన్ నుంచి సుమారు 3 మైళ్లు వేయించుకున్నాడు. అక్కడ ఎందుకు నడిచింది? అదే దారి, అదే బొగ్గు, ఏడాది పొడుగునా మోత. మామూలు రైతుకి అలా కుదరదు. ఈ నెల ఈ చెక్క, వచ్చే నెల ఆ చెక్క. గుర్రపు బండి ఎటైనా తిరుగుతుంది, పాతిన పట్టా తిరగదు.

ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో పాల్ డెకావిల్ అనే ఆయన పొలంలో చక్కెర దుంపలు పండాయి. 1875 వానలకి నేల నాని బండ్లు దిగబడ్డాయి. ఆయన పట్టాల్ని నిచ్చెన ముక్కల్లాగా చేయించాడు. ఇద్దరు మనుషులు ఎత్తి పక్క చేలో పరిస్తే చాలు, దాని మీద బండిని తోసుకోవడమే. అది దేశదేశాలకి అమ్ముడుపోయింది.

తెలివిలో హేవుడ్ తక్కువవాడేం కాదు. ఆయన 1916లో పోయాక పెరటి రైలు విప్పేశారు గానీ, మ్యూరియల్ ఇంజను రూపు మార్చుకుని రివర్ అర్ట్ అనే పేరుతో ఈనాటికీ రావెన్‌గ్లాస్‌లో జనాన్ని మోస్తోంది. తేడా ఒక్కటే. ఆయన రైలు దగ్గరికి సరుకు రావాలి. డెకావిల్ రైలు సరుకు దగ్గరికే పోతుంది.

మనం ఏ యంత్రానికైనా అప్పు చేసే ముందు ఈ తేడా చూసుకోవాలి. అది ఏడాదికి ఎన్ని రోజులు పని చేస్తుంది? ఎన్ని చెక్కలకి పోతుంది? నా చెరకు లెక్క వేస్తే మోత పదిహేను రోజులే తేలింది. ఒక్కడినే కొంటే దండగ, నలుగురం కలిస్తే గిట్టుతుంది.

మీ చేలో చివరి మోత ఎలా గట్టెక్కిస్తున్నారు? కింద రాయండి.