బొమ్మ విమానమునకు నీడ

1939 సెప్టెంబరు 6వ తేదీ ఉదయమున, యుద్ధము ప్రకటింపబడిన మూడవనాడు, బ్రిటిషు స్పిట్‌ఫైరు విమానములు తమ పక్షమువే అయిన హరికేను విమానములను రెండింటిని కూల్చివేసినవి. ఒక పైలటు మరణించెను. రాని శత్రువు వచ్చెనన్న గందరగోళములో ఆకాశమునకు లేచినవారి కన్ను కూడ పొరబడినది.

ఇట్టి పొరపాట్లను తగ్గించుటకు చిన్న బొమ్మ విమానములు చాల ఉపకరించినవి. 1942లో అమెరికా నౌకాదళము పాఠశాలల బాలబాలికలను 5,00,000 నమూనాలు చేసి ఈయవలసినదని కోరెను: 50 రకములు, రకమునకు 10,000. కొలత 72లో ఒక వంతు, అనగా ఆరడుగులకు ఒక అంగుళము. 35 అడుగుల దూరమున పట్టుకొన్న బొమ్మ, రమారమి అరమైలు దూరమున ఎగురు అసలు విమానమంతగా కనబడును. అన్నింటికి ఒకటే రంగు, నలుపు. ఆకారము తప్ప మరేమియు కంటికి అందరాదని ఉద్దేశము.

యుద్ధము ముగిసినను ఆ కొలత నిలిచినది. 1953లో ఎయిర్‌ఫిక్స్ వారు ఆ కొలతలోనే ప్లాస్టిక్ స్పిట్‌ఫైరును విడిభాగములుగా విక్రయింప మొదలిడిరి. ఇప్పుడు కోరిక తలక్రిందులైనది: బొమ్మ అసలువలె ఉండవలెను! కాని ఒకే రంగు నిండుగా పూసిన బొమ్మ బొమ్మగానే మిగులును. అసలు విమానముపై రేకుల అతుకులవద్ద నీడ పడును. ఎండకు రంగు వెలయును. అంత చిన్న బొమ్మపై అతుకు వెండ్రుకవాసి కూడ ఉండదు, ఇక నీడ ఎట్లు పడును? కావున నీడను చిత్రకారుడే వేయవలెను.

ఇందొక విచిత్రము గలదు. జంతువుల పొట్ట తెల్లగా నుండుట క్రింది నీడను చెరిపి వాని ఆకారమును మరుగుపరచుటకేనని అమెరికా చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో వివరించెను. యుద్ధవిమానముల అడుగుభాగమునకు లేతరంగు పూయుటలోని కిటుకు ఇంచుమించు అదియే. సైన్యము చెరిపిన నీడను బొమ్మ చేయువాడు మరల తెచ్చుచున్నాడన్నమాట.

దానికి సాధనము ఎయిర్‌బ్రష్, గాలికుంచె యనవచ్చును. 1870ల చివర అమెరికాలో ఆబ్నర్ పీలర్ దీనికి తొలిరూపము కల్పించెను. 1890లలో చార్లెస్ బర్డిక్ కలమువలె చేతికి ఇమిడించెను. తొలుత ఇది ఫోటోలు దిద్దువారి పనిముట్టు. మీట నొక్కిన గాలి వచ్చును. వెనుకకు లాగినకొలది సూది జరిగి రంగు వెలువడును. రంగు పాలవలె పలుచగా నుండవలెను.

ముందుగా అతుకుల వెంబడి నల్లని గీతలు చిమ్మి, పైన అసలు రంగును పలుచని పొరలుగా వేయుదురు. నలుపు లీలగా తొంగిచూచుచుండగనే చేయి ఆపవలెను. పిమ్మట అదే రంగులో రవంత తెలుపు కలిపి రేకుల నడుమ చిమ్మినచో ఎండకు వెలసిన తీరు వచ్చును. రంగులను చెవికి చూపుట రేడియోవారికి కష్టమే!

ప్రతి అతుకుకు ఒకేరీతిగా నీడ వేసిన బొమ్మ, మా దృష్టిలో, విమానము కాదు, అతుకుల బొంత. అసలు విమానమున ఒక రేకు వెలసి, ప్రక్కది క్రొత్తగా నుండవచ్చును. ఇంజను పొగ ఒకచోటనే చిక్కగా పారవచ్చును. నేర్పరులు కుంచె పట్టుటకు ముందు ఆ విమానపు ఫోటోను ఎదుట పెట్టుకొందురు.