బేగంపేట్ దోమ, నలభై లెక్క

బీటెక్ నాలుగేళ్ళూ నా కాలేజ్ బస్సు బేగంపేట్ మీదుగానే వెళ్ళేది. పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత బిల్డింగ్ ఉంటుంది, ఉస్మానియా యూనివర్సిటీది. "మలేరియా దోమ సంగతి కనిపెట్టింది ఇక్కడేనట" అని ఫ్రెండ్ ఒకసారి చెప్తే, ఒక ఇయర్‌ఫోన్ తీసి విని మళ్ళీ పెట్టేసుకున్నా. ఆ టైమ్‌లో నాకున్న సమస్య వేరు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పేపర్ బ్యాక్‌లాగ్! ఆ బిల్డింగ్‌కీ ఆ బ్యాక్‌లాగ్‌కీ సంబంధం ఉందని తెలియడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది.

కథ మొదటి సగం చాలామందికి తెలుసు కాబట్టి స్పీడ్‌గా చెప్పేస్తా. రాస్ ఆర్మీ డాక్టర్. పుట్టింది అల్మోరాలో, 1857లో. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మలేరియా పేషెంట్‌ని కుట్టిన దోమ కడుపు కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, దాంట్లో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. ఆ పేషెంట్ పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. ఆగస్టు 20 ఇప్పుడు ప్రపంచ దోమల దినం, హుసేన్ ఖాన్ పేరు మాత్రం క్విజ్‌లో కూడా అడగరు. కొద్ది వారాలకే రాస్‌కి ట్రాన్స్‌ఫర్. తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ కాటుతోనే క్రిమి ఇంకో ఒంట్లోకి వెళ్తుందని 1898లో తేల్చాడు. 1902లో నోబెల్.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ అసలు గొడవ ఇక్కడే మొదలైంది.

దోమ వల్ల వస్తుందని తెలిసింది, మరి ఏం చేయాలి? రాస్ చెప్పింది సింపుల్: నీళ్ళు నిలవనీయకండి, దోమల్ని తగ్గించండి. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1900ల మొదట్లో ఇది ట్రై చేశారు. గుంటలు పూడ్చారు, కాలవల మీద పని చేశారు. జ్వరాలు మాత్రం ఆశించినట్టు తగ్గలేదు. దాంతో పెద్ద పెద్ద డాక్టర్లే, "ఒక్క దోమ మిగిలినా అది కుడుతుంది కదా, అన్నిటినీ చంపడం ఎవరి వల్ల అవుతుంది? డబ్బు దండగ" అనేశారు. రాస్‌కి మండిపోయింది. ఏరియా చిన్నది, టైమ్ చాల్లేదు, దోమలు నిజంగా ఎంత తగ్గాయో సరిగ్గా లెక్కపెట్టలేదు అన్నది ఆయన వాదన.

ఇది ఈగో గొడవ మాత్రమే కాదు. "అన్ని దోమల్నీ చంపితేనే ఫలితం" అనేది నిజమైతే ఏ ప్రభుత్వమూ ఖర్చు పెట్టదు, జనం జ్వరాలతో పోతూనే ఉంటారు. "కొన్నిటిని చంపితే చాలు" అనేది నిజమైతే, ఆ కొన్ని ఎన్ని? మైక్రోస్కోప్ ఎంత పెద్దదైనా ఈ నంబర్ చూపించదు.

1907-08లో మారిషస్ మలేరియా సంగతి చూడమని రాస్‌ని పంపారు. 1908 రిపోర్ట్‌లో ఆయన లెక్క మొదలుపెట్టాడు. 1911లో తన మలేరియా పుస్తకం రెండో ఎడిషన్‌లో దాన్ని డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌గా రాశాడు. ఆ లెక్క మనం ఫోన్ క్యాలిక్యులేటర్‌లో వేసేద్దాం.

వెయ్యి మంది ఉన్న ఊరు. ఒక్కడికే మలేరియా. నెలకి మనిషికి 48 దోమల చొప్పున మొత్తం 48,000 దోమలు. నాలుగింట ఒక దోమకే మనిషిని కుట్టే ఛాన్స్ దొరుకుతుందనుకుందాం: 12,000 కాట్లు. వెయ్యి మందిలో మన పేషెంట్ వాటా 12. క్రిమి దోమ లోపల తయారవడానికి దాదాపు పది రోజులు కావాలి, అప్పటిదాకా మూడో వంతు దోమలే బతుకుతాయి. మిగిలినవి 4. వాటిలోనూ నాలుగింట ఒకటే మళ్ళీ మనిషిని కుట్టగలదు. 48,000 దోమలుంటే చివరికి ఒకే ఒక్క కొత్త పేషెంట్! మొదటిసారి చూసినప్పుడు నేను రెండుసార్లు చెక్ చేసుకున్నా.

ఇంకో రెండు విషయాలు కలపాలి. పేషెంట్లందరి రక్తం నుంచీ దోమకి క్రిమి అంటుకోదు, నలుగురిలో ఒకరి నుంచే అనుకుందాం. నెలకి ఐదో వంతు మంది కోలుకుంటారు అనుకుందాం. ఇప్పుడు పోటీ రెండిటి మధ్య: కొత్తగా పడేవాళ్ళు, లేచి తిరిగేవాళ్ళు. ఈ రెండూ సమానమయ్యేది మనిషికి దాదాపు 40 దోమల దగ్గర. రాస్‌కి వచ్చిన నంబర్ కూడా దాదాపు ఇదే.

80 దోమలుంటే? వంద మంది పేషెంట్ల వల్ల నెలలో కొత్తగా 41 మంది పడతారు, 20 మంది లేస్తారు. జ్వరం పెరుగుతూ పోతుంది. 20 దోమలే ఉంటే? కొత్తగా 10 మంది, లేచేది 20 మంది. వంద కాస్తా 90 అవుతుంది, తర్వాతి నెల 81. దోమలు ఊళ్ళో ఉంటాయి, కుడుతూనే ఉంటాయి, మలేరియా మాత్రం దానంతట అదే సర్దుకుంటుంది. "ఒక్క దోమ మిగిలినా" అన్నవాళ్ళకి రాస్ ఇచ్చిన జవాబు ఇది. 1902 నోబెల్ కంటే ఈ జవాబే గొప్పదని నా ఫీలింగ్. ఒప్పుకోకపోతే కామెంట్స్‌లో తిట్టండి.

లెక్కలో ఇంకో చిన్న తమాషా గమనించారా? నాలుగో వంతు కాటు రెండుసార్లు వచ్చింది, పేషెంట్‌ని కుట్టడానికి ఒకసారి, ఇంకొకరిని కుట్టడానికి ఒకసారి. అంటే దోమతెర కట్టి కాట్లు సగానికి తగ్గిస్తే, వ్యాప్తి సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక్క దోమనీ చంపకుండానే 80 దోమల ఊరు 20 దోమల ఊరులా అయిపోతుంది. మా అమ్మమ్మ "తెర దించి పడుకోరా" అని అరిచినప్పుడల్లా అందులో ఒక స్క్వేర్ ఉందని నాకేం తెలుసు.

రాస్‌తో 1901లో సియెర్రా లియోన్‌కి వెళ్ళిన ఒక కుర్ర డాక్టర్ ఉన్నాడు, ఆండర్సన్ మెకెండ్రిక్. తర్వాత మన దేశంలో కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యాడు, 1920లో ఎడిన్‌బరో వెళ్ళిపోయాడు. అక్కడ ఆయనకి కెర్మాక్ అనే కెమిస్ట్ తోడయ్యాడు. 1924లో ల్యాబ్ ప్రమాదంలో, 26 ఏళ్ళకే, కెర్మాక్‌కి రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాతే, 1927లో, వీళ్ళిద్దరూ అంటువ్యాధుల గణితం మీద పేపర్ రాశారు. జనాన్ని మూడు డబ్బాల్లో పెట్టారు: ఇంకా రానివాళ్ళు, వచ్చినవాళ్ళు, అయిపోయినవాళ్ళు. ఇక్కడా అదే గీత. వ్యాధి ఆగాలంటే ఊరంతటికీ సోకనక్కర్లేదు, ఇంకా రానివాళ్ళు ఒక లెవెల్ కిందికి తగ్గితే చాలు. 2020లో టీవీల్లో రోజూ "ఆర్ విలువ ఒకటి కన్నా తక్కువ" అన్నారే, అది ఈ గీతే.

ఆ పేపర్‌లో వాళ్ళు చూపించిన డేటా బొంబాయిది. 1905 డిసెంబర్ నుంచి 1906 జులై దాకా ప్లేగుతో వారం వారం పోయినవాళ్ళ లెక్క. చుక్కల మీద గీత ముచ్చటగా సరిపోయింది. కానీ బొంబాయిలో ప్లేగు ఏటా అదే సీజన్‌లో తిరిగొచ్చేది, ఎలుకలూ వాటి మీది ఫ్లీ పురుగులూ దానికి కారణం. ఎలుకల సంగతి ఆ లెక్కలో విడిగా లేదు. గీత చుక్కల మీద కూర్చున్నంత మాత్రాన కారణం అదేనని కాదు. నేనూ ఇదే దెబ్బ తిన్నా. 2020 ఏప్రిల్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కూర్చుని, రెండు వారాల కేసులకి ఒక గీత కలిపి, జూన్‌కి ఎన్ని కోట్లో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశా. మా పెద్దనాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. జనం ఇంట్లో కూర్చుంటే లెక్క మారుతుందన్న సంగతి నా కోడ్‌లో లేదు. జూన్ వచ్చింది, నా నంబర్ దరిదాపుల్లో కూడా లేదు. అప్పుడు సిగ్గుతో వెతకడం మొదలుపెడితే దొరికిన పేరే రాస్.

రాస్ లెక్కలో కూడా ఆయన పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటుంది. పది రోజులు బతికే మూడో వంతు. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ దాన్ని పట్టుకున్నాడు. దోమ రోజుకి 90 శాతం ఛాన్స్‌తో బతుకుతుంటే, పది రోజులకి మిగిలేది 35 శాతం. ఆ 90ని 80 చేయండి, మిగిలేది 11 శాతమే. గుంటలో పిల్లల్ని సగం చంపితే దోమలు సగమవుతాయి, అంతే. పెద్ద దోమ ఆయుష్షు కొంచెం కోస్తే మాత్రం లెక్క కుప్పకూలుతుంది. రక్తం తాగిన దోమ కాసేపు గోడ మీద వాలుతుంది, అందుకే ఇళ్ళ గోడలకి డీడీటీ.

మన దేశంలో ఇది పనిచేసింది. 1947లో ఏడాదికి దాదాపు 7.5 కోట్ల కేసులు, 8 లక్షల చావులని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో దాన్నే నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965కి కేసులు దాదాపు లక్ష. ఏడున్నర కోట్ల నుంచి లక్ష! తర్వాత డీడీటీకి దోమలు అలవాటు పడ్డాయి, మందు సప్లై తగ్గింది, ఊరూరా జ్వరాలు వెతికే పని సడలింది. 1976లో 64 లక్షల కేసులు.

నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ ఆ పన్నెండు లైన్ల కోడ్ ఉంది, రాస్ అంకెలతో. వెయ్యి మంది ఊళ్ళో వంద మంది పేషెంట్లతో మొదలుపెట్టి దోమల్ని 20 దగ్గర ఉంచితే, ఒక్క పేషెంట్ మిగిలేసరికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. ఆ ఒక్కడు మిగిలి ఉండగా 20ని 80 చేసి మళ్ళీ రన్ చేశా. వంద మంది అవడానికి రెండేళ్ళు పట్టింది.