కన్నవారి యిచ్ఛ – బిడ్డ ప్రాణము

కన్నవారికంటె బిడ్డ మేలు కోరువారు లేరని లోకోక్తి. ఇది చాలవరకు సత్యమే. అయినను తీవ్రవైకల్యముతో జన్మించిన శిశువునకు శస్త్రచికిత్స వలదని తల్లిదండ్రులు పలికిన యెడల, ఆ పలుకే తుదితీర్పు కావలెనా? ఈ ప్రశ్నకు గడచిన నూరేండ్లలో పాశ్చాత్యదేశములు చెప్పిన యుత్తరములను మేమిచట విచారింపదలచితిమి.

1915వ సంవత్సరము నవంబరులో షికాగో నగరమున వైకల్యములతో నొక శిశువు పుట్టెను. హారీ హైసెల్డెన్ అను వైద్యుడు శస్త్రచికిత్స మానుటయే మేలని బోధింపగా తల్లిదండ్రులు సమ్మతించిరి. శిశువు కొలదిదినములలో మరణించెను. అతడు దీనిని దాచకపోవుటయేగాక, 1917లో తన వాదమును ప్రచారము చేయు చలనచిత్రమున తానే నటించెను. వైద్యసంఘ మాతని బహిష్కరించెను. కాని యది శిశుమరణమునకు గాదు, పత్రికల కెక్కినందులకు! అంధత్వ బధిరత్వములను జయించిన హెలెన్ కెల్లరు సయిత మాతని పక్షమున వ్రాసెననిన, కాలపు గాలికి మహాత్ముల బుద్ధియు నెట్లు వంగునో తెలియుచున్నది.

1981లో ఇంగ్లండునందు డౌన్ సిండ్రోముతో పుట్టిన యొక యాడుశిశువునకు ప్రేవులలో నడ్డంకి యుండెను. తల్లిదండ్రులు చికిత్స వలదనిరి. క్రిందిన్యాయమూర్తి వారి మాటనే మన్నించెను. అప్పీలు న్యాయస్థానము మాత్రము, విచార్యము శిశువు మేలే కాని కన్నవారి కోరిక కాదని నిర్ణయించి శస్త్రచికిత్స కనుజ్ఞ నిచ్చెను.

మరుసటి యేడు ఏప్రిలులో అమెరికాలోని బ్లూమింగ్టన్ పట్టణమున డౌన్ సిండ్రోముగల మరియొక శిశువు పుట్టెను. అన్నవాహిక మూసికొనియుండుటచే నోటితో పాలు త్రాగు వీలులేదు. ప్రసవము చేసిన వైద్యుడొకటి చెప్పెను, శిశువైద్యుడు వేరొకటి చెప్పెను. తల్లిదండ్రులు మొదటిమాటనే గ్రహించిరి. న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. పెంచుకొందుమని ముందుకు వచ్చిన దంపతులుండియు, న్యాయవాదులు పై న్యాయస్థానమునకు పోవుచుండగనే, ఆరవదినమున శిశువు కన్నుమూసెను. ఆ దుఃఖమునుండియే 1984 నాటి శిశుసంరక్షణశాసనము వెలువడెను. కేవలము మరణమును పొడిగించు చికిత్స యనవసరమనియు, వైకల్యము కారణముగా మాత్రము చికిత్స నిరాకరింపరాదనియు దాని తాత్పర్యము.

మేమా తల్లిదండ్రులను క్రూరులని నిందింపము. పురిటిమంచమునొద్ద వైద్యుడు పలికిన నాలుగుమాటలే వారికి బిడ్డ భవిష్యత్తెల్ల నయ్యెను. ఆ భవిష్యత్తును ముందుగా నెరిగినవారెవరు? 1980 ప్రాంతమున డౌన్ సిండ్రోముగలవారి సగటు ఆయువు ఇరువదియైదేండ్లు. నేడు అమెరికాలో నది యరువదికి చేరువ. మారినది వారి శరీరము కాదు, వారికి చేయు చికిత్సయు, వారిని చూచు చూపును.

కావున నిట్టి తరి నడుగదగిన ప్రశ్న యొకటి గలదు: ఈ వైకల్యము లేని బిడ్డకైన నిదే చికిత్సను వలదందుమా? అనమేని, మనము తూచుచున్నది రోగమును గాదు, బిడ్డ విలువను.

మన దేశమున 1999, 2016 సంవత్సరముల శాసనములు వికలాంగుల సంరక్షణమును, హక్కులను పలికినవి. శాసనము పలికినంతమాత్రమున చాలదు. అట్టి బిడ్డను పూర్వజన్మపాపమని యిరుగుపొరుగు లాడిపోసికొన్నంతకాలము, తల్లిదండ్రుల నిర్ణయము స్వేచ్ఛానిర్ణయము కానేరదు. ఆ యింటిభారమును పంచుకొనని సంఘమునకు, వారి తీర్పును విమర్శించు నధికారము నంతంతమాత్రమే.