మరమగ్గం: మాటలో అతుకు ఎక్కడ?

ఠాణే జిల్లా భివండీలో మరాఠీవాళ్లు యంత్రమాగ్ అనేదే మన మరమగ్గం. మర అంటే యంత్రం. మగ్గానికి మరాఠీలో మాగ్, కన్నడంలో మగ్గ. చేతిమగ్గం అక్కడ హాత్‌మాగ్. తెలంగాణ నుంచి వలసవెళ్లి అక్కడ స్థిరపడ్డ పద్మశాలీలకు ఈ జంట పేర్లు రెండూ తెలిసినవే. సిరిసిల్ల కార్మికులైతే మరమగ్గాన్ని సాంచా అంటారు.

ఛందస్సులో మరమగ్గం రెండు లఘువులు, రెండు గురువులు. ఆ లెక్క అతుకును చూపదు; మర దగ్గర విడదీయాలని అర్థమే చెబుతుంది. కొన్ని భాషల్లో పలుకే ఆ పని చేస్తుంది: నార్వే భాషలో సమాసం పలికితే ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి మాట మీద పడుతుంది, రెండోదాని మీద తగ్గుతుంది. చెవికే అది ఒక్క మాటని తెలుస్తుంది. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. మనం హల్లును మెత్తబరుస్తాం: కూర, కాయ కలిసి కూరగాయలు, అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు. ద్వంద్వ సమాసంలో క చ ట త ప అనే పరుషాలు గసడదవలయ్యే ఈ తీరుకు చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం కట్టాడు. మరపడవ ద్వంద్వం కాదు, అందుకే పకారం నిలిచింది. చేనేతలో మొదటి మాటే కుదించుకుంది: చేయి చే అయింది.

మరాఠీ, హిందీ నడుమ పెరిగే భివండీ తెలుగు పిల్లలకు వ్యాకరణం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మరమగ్గం, చేనేత, పడుగుపేక: ఇంటి వృత్తిలోని ఈ మాటలను విడదీసి, కలిపి చూపితే సమాసం సులువుగా పట్టుబడుతుంది.