పశువుల మేత – ప్రకృతి సంరక్షణ: మూడు చారిత్రక అనుభవాలు

పరిచయం

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీదుగా గోదావరి అవతలికి వెళితే మీరు పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో అడుగు పెడతారు. నిజాం పాలనలో అక్కడి అడవుల్లో పోడు సాగుపైన, పశువుల మేతపైన ఆంక్షలు, పన్నులు ఉండేవి. కొమురం భీం నాయకత్వంలో జరిగిన తిరుగుబాటుకు ఇవి ముఖ్య కారణాలు. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో భీం మరణించాడు. ఆ తర్వాతే ప్రభుత్వం హైమెండార్ఫ్ చేత గోండుల స్థితిగతులను అధ్యయనం చేయించింది. పశువు అడవికి శత్రువు అన్నది నాటి అధికారుల నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సరైనది?

భరత్‌పూర్: మేత పూర్తిగా ఆగినప్పుడు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేల వలస పక్షులకు ప్రసిద్ధి. కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం ఏర్పడ్డాక, 1982లో అక్కడ మేతను నిషేధించారు. ఎదిరించిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరపగా కొందరు చనిపోయారు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ సుదీర్ఘ అధ్యయనంలో తేలింది వేరు: గేదెలు మేయకపోవడంతో ఒక రకం గడ్డి మడుగులను కమ్మేసింది, పక్షులకు చోటు తగ్గింది.

నెదర్లాండ్స్: మేతకు హద్దు లేనప్పుడు

నెదర్లాండ్స్‌లో సముద్రపు పాయను 1968లో ఎండగట్టిన చోట ఊస్ట్‌ఫార్డర్స్‌ప్లాసెన్ అనే చిత్తడి ప్రాంతం ఏర్పడింది. పొదలు, చెట్లు దానిని ఆక్రమించకుండా 1980లలో పశువులను, కోనిక్ జాతి పొట్టి గుర్రాలను వదిలారు. చుట్టూ కంచె ఉంది. మందల సంఖ్యను మాత్రం ప్రకృతికే వదిలేశారు. 2017–18 చలికాలంలో మేత చాలక 3,000కు పైగా జంతువులు చనిపోయాయి. వాటిలో అత్యధికం ఆకలి బాధ నుంచి తప్పించడానికి అధికారులు కాల్చినవే. అదే ఏడాది మందల సంఖ్యకు పరిమితి విధించారు.

సారాంశం

మేత స్వతహాగా మేలూ కాదు, కీడూ కాదు. ఎన్ని పశువులు, ఏ కాలంలో, ఎవరి నిర్ణయంతో అన్నవే అసలు ప్రశ్నలు. జోడేఘాట్‌లోనూ భరత్‌పూర్‌లోనూ మేపుకునేవారిని ముందుగా ఎవరూ అడగలేదు. ప్రాణాలు పోయాకే వాస్తవం బయటపడింది. 2006 అటవీ హక్కుల చట్టం మేతను హక్కుగా గుర్తించింది. ఆ హక్కు వెనుక ఉన్న మూల్యాన్ని మీరు గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి బంచరాయి భూమి ఒకప్పుడు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత మిగిలింది? పెద్దలను అడిగి, పది వాక్యాల్లో రాయండి.